దుంగకు లెక్క ఉంది, వేలికి లేదు

కృష్ణా జిల్లాలో సా మిల్లు నడవాలంటే అటవీ శాఖ లైసెన్సు ఉండాలి. 1969లో సా మిల్లుల నియంత్రణ నిబంధనలు వచ్చిన నాటి నుంచీ ఇదే పద్ధతి. మిల్లుకు ఎంత కలప వచ్చింది, ఎంత కోశారు, కోసిన సరుకు ఎటు వెళ్లింది అన్నది యజమాని పుస్తకంలో రాసి ఉంచాలి. అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతటా మిల్లుల మీద నిఘా బిగిసింది. 2002 అక్టోబరులో మరో ఉత్తర్వు వచ్చాక కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా కొత్త మిల్లు తెరవడానికే వీల్లేకపోయింది. అడవిని కాపాడుకోవాలంటే ఇంత కట్టుదిట్టం కావలసిందే.

కానీ అదే మిల్లులో, అదే రంపం కింద ఒక మనిషి వేలు తెగి పడితే దాన్ని రాయడానికి పుస్తకం లేదు. పట్టుమని పదిమంది లేని మిల్లయితే ఆ సంగతి ఏ శాఖకూ తెలియజేయాల్సిన పని లేదు. బందరులో, గుడివాడలో, అవనిగడ్డ, నాగాయలంక, చల్లపల్లి ఊళ్లలో కలప మీద బతికే చోట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. యజమాని, ఇద్దరో ముగ్గురో పనివాళ్లు, సాయానికి ఒక కుర్రాడు. దుంగ మోసుకొచ్చేవాడే రంపం దగ్గర నిలబడతాడు, మధ్యాహ్నం చిత్రిక మిషన్ మీద బద్దలు తోస్తాడు, సాయంత్రం పొట్టు ఎత్తిపోస్తాడు. అతను ఏ పనివాడో రాసుకునే మస్తరు కూడా చాలాచోట్ల ఉండదు.

డెల్టాలో అడవి లేదు. తీరం వెంట మడ, ఇసుక నేలల్లో సరుగుడు తప్పితే ఇక్కడ కోతకు వచ్చే నాటు కలపంతా గట్ల మీదా పెరళ్లలోనూ పెరిగినదే. కాలవగట్టు నిద్రగన్నేరు, చేనుగట్టు తుమ్మ, పెరటి వేప, కాపు ఉడిగిన మామిడి. వీటికి తోడు పాత పెంకుటిళ్లు విప్పినప్పుడు దిగే తాటి దూలాలు, టేకు వాసాలు, ద్వారబంధాలు. టేకు మంచి సరుకైతే విజయవాడ అడితీల నుంచి వస్తుంది. బందరు రేవు పనులు 2023లో మొదలయ్యాయి. ఊళ్లలో శ్లాబు ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత తాటాకు ఇళ్లు పోయి పక్కా ఇళ్లు రావడం మొదలై, ఆ పని ఇప్పటికీ ఆగలేదు. ప్రతి ఇంటికీ సెంట్రింగ్ చెక్క కావాలి, తలుపులు, కిటికీలు కావాలి. గిలకలదిండి, నాగాయలంక రేవుల్లో పడవలకు చెక్క మార్చాలి. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లు ఇంకా ఉలి, సుత్తి మీదే ఆధారపడ్డారు గానీ, తక్కిన కలప పనంతా కరెంటు మిషన్ మీదికి ఎప్పుడో వెళ్లిపోయింది.

ఈ ఊళ్ల కలపకు ఉన్న గుణాలు తెలిస్తే ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో సగం తెలిసినట్లే. గట్టు మీది తుమ్మ పచ్చిగా, తడిగా రంపం ఎక్కుతుంది. మానుగా ఉన్నప్పుడు దానిలో అణిగి ఉన్న బిగువు కోత పడగానే వదులుతుంది. రంపం చీల్చుకుంటూ పోయిన సందు వెనక నుంచి మూసుకుంటుంది. తిరుగుతున్న చక్రం వెనకభాగాన్ని చెక్క పట్టేస్తుంది. వెనక పళ్లు కింది నుంచి పైకి లేస్తాయి కాబట్టి చెక్కను ఎత్తి తోస్తున్న మనిషి వైపే విసురుతాయి. కర్ర వెనక్కి తన్నింది అనేది దీన్నే. తన్నిన కర్ర పొట్టలోనో ఛాతీ మీదో తగలడం ఒక ప్రమాదం. అంతకన్నా పెద్ద ప్రమాదం, అప్పటిదాకా చేతి కింద ఉన్న చెక్క ఒక్కసారిగా మాయమై, ముందుకు బలంగా నెడుతున్న చెయ్యి ఖాళీగా రంపం మీదికే పోవడం.

ఇక పాత ఇంటి వాసాల్లో మేకులు ఉంటాయి. కంచెకు ఆనిన చెట్టు తీగను తనలోకి మింగేసి దాని మీద బెరడు కట్టేసుకుంటుంది. పైకి ఏమీ కనబడదు. రంపం ఇనుము మీదికి వెళ్లినప్పుడు పన్ను విరిగి ఎటు ఎగురుతుందో చెప్పలేం. కంటికి అద్దాలు లేని మనిషికి ఆ ఒక్క ముక్క చాలు.

ఒక చిన్న లెక్క వేసి చూడాలి. తలుపుల పని చేసే షాపులో 12 అంగుళాల చక్రం రంపాన్ని నిమిషానికి 2,880 చుట్లు తిరిగే మోటారుకు నేరుగా బిగించారనుకుందాం. అంచున ఉన్న పన్ను గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతుంటుంది. ముప్పు కంటబడి చెయ్యి వెనక్కి లాక్కోవడానికి మనిషికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ లోపే రంపం తొమ్మిది పది చుట్లు తిరిగేస్తుంది. నలభై పళ్లున్న రంపమైతే దాదాపు నాలుగు వందల పళ్లు దాటిపోతాయి. అంటే రంపం ముందు చురుకుదనం పనికిరాదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ చెయ్యి కూడా నిన్న చేరిన కుర్రాడి చెయ్యి కన్నా వేగంగా వెనక్కి రాదు. చేతికీ పంటికీ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉంటేనే రక్షణ.

ఆ అడ్డం ఏమిటన్నది కొత్తగా కనిపెట్టవలసినది కాదు. రంపం పైన కప్పు. వెనక, కోత సందులో నిలబడే చిన్న ఉక్కు రేకు. చెక్క మూసుకుని చక్రాన్ని పట్టేయకుండా అది ఆపుతుంది. బల్ల కింద తిరిగే భాగానికి రెండు వైపులా పలకలు. చివరి జానెడు చెక్కను చేత్తో కాకుండా తోయడానికి ఒక తోపుడు కర్ర. ఈ నాలుగింటిలో చివరిది షాపులో పారేసిన బద్దతోనే చేసుకోవచ్చు. ఉక్కు రేకును ఊళ్లో వెల్డింగ్ షాపువాడే కోసి బిగించగలడు, చక్రం మందానికి తగ్గట్టు కొలత ఇస్తే చాలు. ఖర్చు ఒక కొత్త రంపపు చక్రానికయ్యే దాని దరిదాపుల్లో ఉంటుంది.

చిత్రిక మిషన్ కథ ఇంకాస్త చెప్పుకోవాలి. రెండు బల్లల మధ్య సందులో, కత్తులు బిగించిన దిమ్మె నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరుగుతుంది. చెక్కను దాని మీదుగా చేత్తోనే అదిమి తోయాలి. చిన్న ముక్క అయితే అది ఎగిరిపోయి అరచెయ్యి దిమ్మె మీద పడుతుంది. రంపం కోస్తుంది, చిత్రిక మిషన్ చెక్కేస్తుంది. తెగిన వేలిని అతికించే అవకాశం కొంతైనా ఉండొచ్చు గానీ, పొరలు పొరలుగా లేచిపోయిన వేలికొనను అతికించడానికి ఏమీ మిగలదు. బ్రిటన్‌లో వందేళ్ల కిందటే, 1922 నాటి నిబంధనల్లో, చేత్తో తోసే చిత్రిక మిషన్లకు నలుచదరపు దిమ్మెలు వాడకూడదని, గుండ్రటి దిమ్మెలే ఉండాలని రాసుకున్నారు. చదరపు దిమ్మె అంచుకూ బల్లకూ మధ్య పెద్ద సందు పడుతుంది, వేళ్లు దానిలోకి లాక్కుపోతాయి. గుండ్రటి దిమ్మెతో అదే చెయ్యి పడినా గాయం చిన్నదవుతుంది. మనిషి జాగ్రత్త గురించి ఒక్క మాట మాట్లాడకుండా, యంత్రం ఆకారం మార్చి వేళ్లు కాపాడిన ఉదాహరణ ఇది.

మన చిన్న షాపుల్లో తరచుగా కనిపించేది కాంబినేషన్ మిషన్. ఒకే మోటారు, ఒకే ఇరుసు. మధ్యలో చిత్రిక దిమ్మె, పక్కన రంపపు చక్రం, ఇంకో చివర బెజ్జాలు వేసే ఏర్పాటు. చోటు కలిసివస్తుంది, డబ్బు కలిసివస్తుంది. కానీ చాలా మిషన్లలో చిత్రిక పడుతున్నంతసేపూ పక్కన రంపం కూడా ఊరికే తిరుగుతూనే ఉంటుంది. చిత్రిక పట్టేవాడి దృష్టి దిమ్మె మీద ఉంటుంది. పక్కన నిలబడి బద్ద అందుకునే కుర్రాడి మోచెయ్యి ఎక్కడుందో ఎవరూ చూడరు. స్విచ్ కట్టేసిన తర్వాత కూడా చక్రం వెంటనే ఆగదు. బ్రిటన్‌లో ఇప్పుడు చక్రం 10 సెకన్లలో ఆగేలా బ్రేకు ఉండాలంటారు. మన దగ్గర పొట్టు తీయడానికి చెయ్యి పెట్టేది సరిగ్గా ఆ ఆగీ ఆగని సమయంలోనే. చెవులు దిబ్బెళ్లు పడే ఆ రొదలో, మోటారు చప్పుడు ఆగితే చక్రమూ ఆగిందనిపిస్తుంది.

షాపు దాటి ఇంటి దగ్గర పనికి వెళ్లే కార్పెంటర్ చేతిలో ఉండేది ఇంతకన్నా ప్రమాదకరం. టైల్స్, గ్రానైట్ కోయడానికి తయారైన నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌కు చెక్క కోసే పళ్ల చక్రం బిగించి వాడడం ఇప్పుడు సర్వసాధారణం. ధర తక్కువ, బరువు తక్కువ, సంచిలో పడుతుంది. దాని చక్రం నిమిషానికి 12 వేల చుట్లకు పైగా తిరుగుతుంది. రాతిని అరగదీసే చక్రానికి పళ్లు ఉండవు కాబట్టి అది చెక్కలో ఇరుక్కుని తన్నడమనే సమస్య దాన్ని తయారుచేసినవాళ్ల ఊహలోనే లేదు. చెక్క కోసే పళ్ల చక్రం బిగించగానే అది వేరే యంత్రం అయిపోతుంది. లోతు సరిపోవడం లేదని ఉన్న చిన్న కప్పును కూడా తీసేస్తారు. గ్రైండర్‌కు ఇదే చక్రం బిగించడం మరీ దారుణం. అమ్మే షాపులో ఈ చక్రం దేనికి, దేనికి కాదు అని చెప్పేవారు కరువు.

ఇంత జరుగుతున్నా, వేలు తెగినప్పుడు ముందు వినిపించే మాట ఏమరుపాటు. చెయ్యి జారింది, పరధ్యానంగా ఉన్నాడు, ఫోన్ మోగింది, రాత్రి నిద్ర లేదు. యజమాని అంటాడు, తోటి పనివాడు అంటాడు, చివరికి దెబ్బ తగిలినవాడూ అంటాడు. ఈ మాట నిజమే కావచ్చు, అయినా అది కారణం కాదు. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు, వేలసార్లు చెయ్యి రంపం దగ్గరికి వెళ్లి వచ్చే పనిలో ఒక్కసారి కూడా పరధ్యానం రాని మనిషి ఉండడు. ఆ ఒక్కసారికి వేలు మూల్యం కాకుండా చూడడమే యంత్రం మీది కప్పు పని. ఏమరుపాటు అనే మాట దగ్గర విచారణ ఆగిపోయినప్పుడల్లా కప్పు ఎందుకు లేదనే ప్రశ్న ఎవరూ అడగకుండానే పోతుంది.

కప్పు ఉన్నా తీసేస్తారన్నది నిజమే. తడి పొట్టు దానికింద కూరుకుపోతుంది, గీత కనబడదు, ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపట్టి పైకీ కిందికీ కదలవు. పనికి అడ్డొచ్చే కప్పు ఎవరూ ఉంచుకోరు. గీత కనబడేలా అవతలికి కనిపించే పాలీకార్బొనేట్‌తో చేసి, పొట్టు లాగే గొట్టం దానికే బిగిస్తే అది పనికి అడ్డం రాదు, పైగా సాయం చేస్తుంది. కాబట్టి తీసేశాడని పనివాణ్ని తిట్టే ముందు, తీసేయాల్సి వచ్చే కప్పు ఎవరు పెట్టారో చూడాలి.

చట్టం ఏమంటుంది? 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ ప్రమాదకరమైన ప్రతి యంత్రభాగానికీ గట్టి రక్షణ ఉండాలనేది. సరైన శిక్షణ లేకుండా పద్దెనిమిదేళ్ల లోపు వారిని ప్రమాదకర యంత్రం దగ్గర నిలబెట్టరాదని 23వ సెక్షన్ చెప్పేది. ఇంతా చేసి కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. ఈ మార్పు మీద కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పాయి, అందులో న్యాయం ఉంది. అయితే బందరు తలుపుల షాపుకు పది అయినా ఒకటే, ఇరవై అయినా ఒకటే. అది అప్పుడూ చట్టం బయటే, ఇప్పుడూ బయటే. పదిమంది లేకపోయినా తయారీ పని జరిగే చోటుకు చట్టాన్ని వర్తింపజేసే అధికారం పాత చట్టం 85వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. మనుషుల తలలు లెక్కపెట్టడం మాని రంపం ఉందా లేదా అని చూసే ఆ పద్ధతే చిన్న కలప షాపులకు సరిపోతుంది.

యంత్రం అమ్మేవాడి సంగతీ పాత చట్టం ఆలోచించింది. తిరిగే మరలు, బయటికి పొడుచుకొచ్చిన బోల్టులు, పళ్లచక్రాలు కప్పకుండా ఫ్యాక్టరీకి యంత్రం అమ్మితే 26వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలో, 500 రూపాయల దాకా జరిమానానో, రెండూనో ఉండేది. 500 రూపాయలు. అదీ ఫ్యాక్టరీలో వాడకానికి అమ్మితేనే. కోసే పన్నుకు కప్పు లేకుండా కాంబినేషన్ మిషన్ తయారుచేసి చిన్న షాపుకు అమ్మేవాడిని ఆ సెక్షన్ తాకేది కాదు. యంత్రం పుట్టిన చోటే కప్పు బిగిస్తే అయ్యే ఖర్చు, వెయ్యి షాపుల్లో వెయ్యిమంది చేత బిగింపజేయడానికయ్యే శ్రమతో పోలిస్తే ఏమీ కాదు. రక్షణ లేని యంత్రాల అమ్మకాన్నే ఆపాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1963లో ఒప్పందం చేసింది. భారత్ దాన్ని ఆమోదించలేదు.

ఫ్యాక్టరీ కాని చోట పనివాడికి ఏ హక్కూ లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 1923 నాటి నష్టపరిహార చట్టానికి పదిమంది లెక్క అక్కర్లేదు. కరెంటుతో వస్తువు తయారయ్యే చోట కూలికి పనిచేసేవాడు ఒక్కడైనా సరే, పనిలో గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలి. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది, వేళ్ల ధరల పట్టిక మాత్రం దాదాపు అలాగే వచ్చింది. ధర అనడం కటువుగా ఉంటుంది, కానీ పట్టిక నిజంగానే అలా ఉంది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. చూపుడువేలు పూర్తిగా పోతే 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలో చిటికెన వేలో అయితే 7. ఒక చేతికి బొటనవేలు మినహా నాలుగు వేళ్లూ పోతే 50. చూపుడువేలి కొన ఎముక పోకుండా తెగితే 5.

దీన్ని రూపాయల్లోకి మార్చి చూద్దాం. 30 ఏళ్ల పనివాడు. నెల కూలి ఎంతైనా, 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే గరిష్ఠ మొత్తం 15 వేలు. అందులో 60 శాతం 9 వేలు. ఆ వయసుకు పట్టికలో ఉన్న గుణకం 207.98. రెండూ గుణిస్తే 18 లక్షల 71 వేల పైచిలుకు. ఇందులో బొటనవేలికి 30 శాతం అంటే సుమారు 5 లక్షల 61 వేలు. చూపుడువేలికి 2 లక్షల 62 వేలు. చిటికెన వేలికి 1 లక్షా 31 వేలు. వేలు తెగినప్పుడు కట్టు కట్టించి, నాలుగు రోజుల కూలి, పండక్కి బట్టలు ఇచ్చి పంపే రాజీలకూ ఈ అంకెలకూ ఎంత దూరమో పనివాడికి తెలియాలి. చిన్న షాపు యజమానికీ తెలియాలి, ఎందుకంటే ఒక్క బొటనవేలి పరిహారం అతని షాపునే మింగేయగలదు. ఉక్కు రేకు ఖరీదు ఎంత తక్కువో అప్పుడు అర్థమవుతుంది.

పరిహారం ఎగ్గొట్టడానికి చట్టంలో ఒక సందు ఉంది. రక్షణగా పెట్టిన కప్పును తెలిసీ కావాలని తీసేసినందువల్లే గాయం అయిందని యజమాని నిరూపిస్తే, మరణమో శాశ్వత పూర్తి వైకల్యమో అయితే తప్ప, బాధ్యత తప్పుతుంది. కానీ ముందు కప్పు ఉండాలి కదా. అసలే లేని కప్పును పనివాడు తీసేశాడని అనడానికి వీల్లేదు. ఈ ఒక్క సంగతి దృష్ట్యా చూసినా కప్పు బిగించుకోవడం యజమానికే లాభం.

శాతాల పట్టికకు అతీతంగా ఆలోచించిన తీర్పు ఒకటుంది. అది కూడా వడ్రంగి పనివాడిదే, మన పొరుగునే జరిగింది. ఒడిశా కోరాపుట్ జిల్లా జయపురంలో 1968 జులైలో ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తున్న కార్పెంటర్ కిందపడి గాయపడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం ఇది పాక్షిక వైకల్యమే కదా అని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1975 డిసెంబరులో కోర్టు ఒప్పుకోలేదు. వడ్రంగికి రెండు చేతులూ కావాలి, ఒక్క చేత్తో ఆ పని చేయలేడు, కాబట్టి అతని విషయంలో నష్టం నూటికి నూరు పాళ్లు అని తేల్చింది. అప్పట్లో ఆ మొత్తం 9,800 రూపాయలు. ప్రమాదం జరిగిన నాటి నుంచే పరిహారం బాకీ పడుతుందని కూడా అదే తీర్పు చెప్పింది. అరవై శాతం, డెబ్భై శాతం అని ఎవరైనా పేచీ పెట్టినప్పుడు దేశంలో ఇప్పటికీ లాయర్లు ముందు తీసే తీర్పుల్లో ఇది ఒకటి. మనిషి చేసే పనిని బట్టి నష్టాన్ని చూడాలన్న ఆ దృష్టి, చూపుడువేలు పోయిన కార్పెంటర్‌కు 14 శాతం అని రాసేటప్పుడు కనిపించదు. ఉలి పట్టుకోవాలన్నా, గీత గీయాలన్నా మొదట కావలసింది ఆ వేలే.

ఇన్సూరెన్స్ ఉందిలే అనుకునేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా చాలామంది బ్యాంకు ఖాతాల్లో ఉంది. మరణానికి రెండు లక్షలు, ఒక చెయ్యో పాదమో కన్నో పోతే లక్ష. వేలికి ఏమీ లేదు. రెండు వేళ్లు పోయినా, మూడు పోయినా లేదు. రంపం ముందు నిలబడేవాడికి ఎక్కువగా వచ్చే గాయం ఏదో సరిగ్గా అదే ఆ బీమాలో లేదు. సొంత షాపు పెట్టుకుని తనే మిషన్ మీద నిలబడే కార్పెంటర్‌కైతే పరిహారం అడగడానికి యజమాని కూడా లేడు.

లెక్క మొదలుపెడితే ఏమవుతుందో హర్యానాలో చూశారు. మానేసర్, గురుగ్రామ్ ప్రాంతంలో కార్ల విడిభాగాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీల్లో పవర్ ప్రెస్‌ల కింద వేళ్లు పోగొట్టుకున్న వారి దగ్గరికి సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ వెళ్లింది. ఒక్కొక్కరినీ అడిగి, ఏ యంత్రం, ఏ సెన్సర్ లేదు, ఎన్ని గంటల పని తర్వాత, ఏ పెద్ద కంపెనీకి ఆ విడిభాగం వెళ్తుంది అని రాసుకుంది. 2019 నుంచి ఏటా నివేదిక వేస్తోంది. గాయం ఎక్కడైందో కాగితం మీదికి వచ్చాకే పెద్ద కార్ల కంపెనీలు తమ సరఫరాదారుల యంత్రాల గురించి జవాబు చెప్పాల్సి వచ్చింది. ఫ్యాక్టరీగా నమోదైన చోట్లలోనే 2017–2020 మధ్య దేశంలో సగటున రోజుకు ముగ్గురు చనిపోయారు, 11 మంది గాయపడ్డారు. నమోదు కాని మిల్లులు, షాపులు ఈ అంకెలో లేనే లేవు.

అమెరికాలో ఇంటి గ్యారేజీల్లో వాడే టేబుల్ రంపాలకే ఏటా సుమారు 30 వేలమంది గాయపడుతున్నారని, దాదాపు 4 వేలమంది వేళ్లు పోతున్నాయని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ లెక్కకట్టింది. లెక్క ఉంది కాబట్టే వాదన నడిచింది. స్టీవ్ గాస్ అనే ఆయన 1999లో, చర్మం తగిలిన క్షణాన రంపాన్ని ఆపేసే పద్ధతి కనిపెట్టాడు. 2004 నుంచి ఆ రంపాలు మార్కెట్లో ఉన్నాయి. వాటి ధర పెట్టి బందరు కార్పెంటర్ కొనలేడు. కొనాల్సిన అవసరం కూడా లేదు. కప్పు, ఉక్కు రేకు, తోపుడు కర్రలతో తప్పే ప్రమాదాలను ముందు తప్పిస్తే చాలు.

పొట్టు గురించి ఒక మాట. కలప ధూళి మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఇంగ్లండ్‌లో కుర్చీల తయారీకి పేరుపడ్డ హై వికోంబ్ పట్టణంలో పనివాళ్లకు ముక్కులో అరుదైన క్యాన్సర్ వస్తోందని 1960లలో అక్కడి డాక్టర్లు గమనించడంతో ఈ కథ మొదలైంది. ఇక్కడ ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఆ సన్నటి ధూళిని ఆపలేదు. నిప్పు ప్రమాదం ఇంకొకటి. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్ కుషాయిగూడలో టింబర్ డిపో తగలబడి, పక్కనే ఉన్న భవనంలో ముగ్గురు చనిపోయారు. ఇళ్ల మధ్య ఉన్న మిల్లులు బందరులోనూ గుడివాడలోనూ ఉన్నాయి.

గాయం అయిన తర్వాతి రెండు గంటల సంగతి దివిసీమ వాళ్లకు మరీ ముఖ్యం. వేలు అతికించే సూక్ష్మ శస్త్రచికిత్సకు విజయవాడ దాకా వెళ్లాలి. నాగాయలంక నుంచైనా బందరు నుంచైనా తక్కువ దూరం కాదు. తెగిన వేలిని ఎలా తీసుకెళ్లారన్న దాని మీదే చాలావరకు ఫలితం ఆధారపడుతుంది. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీళ్లు చొరబడని ప్లాస్టిక్ కవరులో పెట్టి బిగించి, ఆ కవరును ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. వేలిని నేరుగా ఐసులో వేయకూడదు. గడ్డకట్టిన కణజాలం మళ్లీ బతకదు. చల్లగా సరిగ్గా తెచ్చిన వేలిని చాలా గంటల తర్వాత కూడా అతికించవచ్చు. చేపల రేవుల పక్కన ఐసుకు కొదవ లేదు. ప్రమాదం కూడా అక్కడే. కంగారులో చేతికందిన ఐసు పెట్టెలో వేలు వేసేస్తారు. ఈ నాలుగు మాటలు ప్రతి సా మిల్లు గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. ఆస్పత్రిలో చేర్చేటప్పుడు ఏ మిల్లులో, ఏ యంత్రం మీద దెబ్బ తగిలిందో కేసు కాగితంలో రాయించాలి. అది లేకపోతే తర్వాత పరిహారం కేసు నిలబెట్టడం కష్టం. కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంది.

ఈ ప్రమాదాలు తగ్గించడానికి కావలసిన పనిముట్లు ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్నాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగి ఉన్నాడు, పడవలు చేసేవాడూ ఉన్నాడు. పనిముట్లకు 15 వేల రూపాయల వోచరు, ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 భత్యం. ఆ శిక్షణలో ఒక పూట కేవలం కర్ర వెనక్కి తన్నడం మీద, కప్పు బిగించడం మీద పెట్టడానికి కొత్త పైసా అక్కర్లేదు. ప్రభుత్వ సొమ్ముతో ఇచ్చే ఏ కరెంటు పనిముట్టూ దాని కప్పు లేకుండా చేతికి ఇవ్వరాదు. రాష్ట్రంలో ఆదరణ లాంటి పథకాల కింద యంత్రాలు కొనేటప్పుడూ ఇదే షరతు టెండరులో ఉండాలి. వేలసంఖ్యలో కొనే కొనుగోలుదారు అడిగితే తయారీదారు రేకు బిగించి ఇస్తాడు.

మిల్లుల విషయంలో అయితే లైసెన్సు పునరుద్ధరణే తాళంచెవి. అటవీ శాఖ అధికారి ఎలాగూ వస్తాడు, పుస్తకం చూస్తాడు, రంపాల సైజు రాసుకుంటాడు. ఆ ఫారంలో ఇంకో మూడు గడులు చేర్చాలి. రంపానికి కప్పు, వెనక రేకు ఉన్నాయా? నిలబడే చోటు నుంచి చేతికందే దూరంలో ఎర్ర స్విచ్ ఉందా? గత ఏడాదిలో ఎవరికైనా దెబ్బ తగిలిందా? గాయమైందని రాసినంత మాత్రాన లైసెన్సు ఆపకూడదు; ఆపితే ఎవరూ రాయరు. దాచినట్లు తేలితే మాత్రం ఆపాలి. అటవీ, ఫ్యాక్టరీల, కార్మిక శాఖలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం కలెక్టరుకు కష్టమైన పని కాదు. బందరు ప్రభుత్వాస్పత్రి, గుడివాడ, అవనిగడ్డ ఆస్పత్రుల్లో కట్టు కట్టించుకున్న చేతి గాయాలను యంత్రం పేరుతో సహా ఒక ఏడాది పాటు విడిగా రాయిస్తే, తర్వాతి ఏడాది ఏ ఊళ్లో, ఏ రకం మిషన్ మీద ముందు పని మొదలుపెట్టాలో ఆ మూడు పుస్తకాలే చెబుతాయి.